కొలిచి పోసిన నీళ్లు

ఆ ఏడు ఎండలు కాశాయంటే అలా ఇలా కాయలేదు. ఎల్లారెడ్డిపేట చుట్టుపక్కల బావులన్నీ అడుగంటాయి. ఊళ్లో ఎవరిని కదిపినా నీళ్ల మాటే. బోరింగు పోసిందా, బిందె నిండిందా, ఎవరి బావిలో ఎంత ఊరింది, ఇవే ముచ్చట్లు. బిందె నీళ్ల కోసం తోడికోడళ్లు జుట్లు పట్టుకున్న రోజులవి. అలాంటి ఊళ్లో, ఇంట్లో రెండు కుండల నిండా చల్లటి నీళ్లుండి కూడా తాగే రాత లేని మనిషి ఒకడున్నాడు. అతని పేరు పరశురాములు.

సాలోళ్ల పరశురాములంటే చుట్టూ పల్లెల్లో తెలియనివాళ్లు తక్కువ. ఇంట్లో గుంటమగ్గం మీద తువ్వాళ్లు, దుప్పట్లు నేస్తాడు. నేసినవి తానే మూటగట్టి భుజానేసుకుని అమ్ముకొస్తాడు. నలభై అయిదేళ్ల మనిషి, చూడ్డానికి నిండుగా నున్నగా ఉండేవాడు. "పరశన్న ఈ నడుమ మంచిగ ఒళ్లు చేసిండు" అని ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఏం ఒళ్లు, నా మొహం! అదంతా నీరు. ఆ సంగతి అతనికీ, భార్య రత్నమాలకూ, ఆమె పుట్టింటివాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు.

కిందటి చలికాలంలో పాదాలు వాచాయి. చెప్పు విప్పితే తోలువారు ముద్ర గంటసేపు పోయేది కాదు. పడుకుంటే ఊపిరాడదు, లేచి కూచుంటే ఆడుతుంది. రత్నమాల పుట్టిల్లు కోరుట్ల. ఆమె తమ్ముడు వచ్చి జగిత్యాల తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించాడు. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"గుండె అలిసిపోయిందయ్యా. నువ్వు తాగిన నీళ్లను తోడ చాత గాకపోతున్నది. ఆ నీళ్లు మొదలు కాళ్లల్ల నిలుస్తయి, తర్వాత ఊపిరితిత్తులల్లకు ఎక్కుతయి. ఇగ రోజుకు చెంబెడే. చాయ్, గంజి, మాత్రలేసుకునే నీళ్లు అన్నీ అండ్లనే. ఉప్పు ముట్టొద్దు."

"ఎండకాలం అస్తున్నది గద సారూ" అన్నాడు పరశురాములు.

"రానియ్యి. ఎండకు ఓర్చుకుంటే బతుకుతవు. ఓర్చుకోక తాగినవా, లోపట్నే మునిగిపోతవు."

బయటికొచ్చాక రత్నమాల ఒట్టు వేయించుకుంది. "ఎవ్వలకు చెప్పకు. గుండెబీమారి అని తెలిస్తే సిరిసిల్ల సావుకారు ఇగ నూలు ఇయ్యడు. రేపో మాపో పోయేటోనికి ఎవలిస్తరు?" పరశురాములు తలూపాడు. ఆ తలూపడమే తర్వాత కొంప ముంచింది.

అప్పటి నుంచి ఇంట్లో నీళ్ల పెత్తనమంతా రత్నమాలదే. పొద్దున్నే రాగిచెంబు నిండా కొలిచి పోసి, తడిబట్ట కప్పి, మగ్గం పక్కన గూట్లో పెట్టేది. అదే ఆ రోజుకు ఆయన వంతు. చలికాలం చెంబు సాయంత్రం దాకా వచ్చేది. ఎండలు ముదిరాక పది కొట్టేసరికే అడుగు కనిపించేది. అందుకని అతడొక పద్ధతి పెట్టుకున్నాడు. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మేయడం, చింతగింజ చప్పరించడం, తడితువ్వాల మెడకు చుట్టుకోవడం. చల్లపొద్దునే పల్లెలకు పోయి ఎండ ముదరకముందే వచ్చి మగ్గం గుంటలో దిగడం. పుక్కిలిస్తుంటే రత్నమాల ఎదురుగా నిలబడి చూసేది.

"ఉమ్ము. మొత్తం ఉమ్ము. మింగినవా?"

"మింగలేదే నా తల్లీ! నోరు తెరిచి సూపియ్యాల్నా?"

"సూపియ్యి మరి."

అతడు చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు. ఆమె నిజంగానే తొంగి చూసేది. ఇద్దరికీ నవ్వొచ్చేది, నవ్వు ఆగేసరికి ఏడుపొచ్చేది.

అన్నిటికంటే కడుపు మండేది మగ్గం దగ్గర. ఎండాకాలం గాలి ఆరిపోయిందంటే పోగు తెగుతుంది. తెగకూడదంటే గదిలో తడి ఉండాలి. కిటికీకి గోనెపట్టా కట్టి నీళ్లు చిలకరిస్తారు, గుంట చుట్టూ నేల తడుపుతారు, నూలు చుట్టిన కండెలను నీళ్ల తొట్లలో నానేస్తారు. పోగుకు పొద్దుకు రెండు బిందెలు, మనిషికి ఒక చెంబు! గుంటలో కాళ్లు చల్లగా ఉండేవి, గొంతు మాత్రం నిప్పుల కుంపటిలా ఉండేది. ఒక మధ్యాహ్నం ఓర్వలేక, రత్నమాల కన్నుగప్పి, కండెలు నానేసిన తొట్టిలోకి వంగి పశువులా తాగేశాడు. రంగునూలు నానిన నీళ్లవి. ఆమె వచ్చి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి. ఇక దబాయించడానికేముంది? ఆ రాత్రంతా మగ్గం గుంజకు వీపు ఆనించి కూచుని, చేపలా నోరు తెరిచి గాలి కోసం కొట్టుకున్నాడు. డాక్టరు చెప్పింది ఉత్తి బెదిరింపు కాదని ఆ రాత్రి తెలిసొచ్చింది.

సామేలు సంగతి ఇప్పుడు చెప్పాలి.

సామేలుది అదే ఊరు, మాలవాడ. పదిహేనేళ్ల కిందట ఇద్దరూ ఒకే బస్సెక్కి బొంబాయి పక్కనున్న భీవండి పోయారు. పరశురాములు పవర్‌లూము మీద, సామేలు బట్టల బేళ్లు మోసే హమాలీగా. ఒకే ఖోలీ గది, ఒకే కుండ, కుండ మీద ఒకే గ్లాసు. సామేలు సగం తాగి ఇచ్చిన బీడీ పరశురాములు అందుకునేవాడు. పరశురాములు మలేరియా వచ్చి ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో నీళ్లు పోసినవాడు సామేలే. "అన్నా, నువ్వు సస్తే నీ పెండ్లానికి నేనేం మొకం సూపియ్యాలె, తాగు" అని తిడుతూ పోశాడు.

నాలుగేళ్లకు ఇద్దరూ ఊరికొచ్చారు. మిట్టమధ్యాహ్నం బస్సు దిగారు. రోడ్డు మీదికే మాలవాడ. సామేలు తల్లి కొడుకును చూసిన సంబరంతో చెంబునిండా నీళ్లు తెచ్చి ముందు పరశురాములుకే ఇవ్వబోయింది. రోడ్డుకు అవతల హోటల్ ముందు అతని కులపెద్దలిద్దరు కూచుని ఇటే చూస్తున్నారు. పరశురాములు నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. అయినా దప్పికే లేనట్టు అన్నాడు, "దూప లేదవ్వా" అని.

సామేలు చెంబు తీసుకుని మొత్తం తనే తాగి, సంచి ఎత్తుకుని ఇంట్లోకి పోయాడు.

ఆ తర్వాత ఇంకేముంది, అదే అలవాటయింది. తువ్వాళ్ల మూటతో వాడకు పోతే, ఏ ఇంటి ముందు కూచున్నా ఎవరో ఒకరు నీళ్లు తేవడం, ఇతను "దూప లేదు", "ఇప్పుడే తాగొచ్చిన" అనడం. ఇందులో పరశురాములును వెనకేసుకు రావడానికి ఏమీ లేదు. మనవాళ్లకు కులం చూపించడానికి తిట్టక్కర్లేదు, దూప లేదనే మర్యాద చాలు. సామేలు పెండ్లాం లక్ష్మవ్వ మాత్రం మూతి తిప్పేది. "ఏమో బావా, మీ సాలోళ్లకు దూపే కాదేమో! ఎండ మా మాలోళ్లకే కొడుతదేమో!" అతడు నవ్వేసి ధర మాటల్లోకి దిగేవాడు.

ఇక కాలం మారింది. రాత్రిళ్లు తుపాకులతో అన్నలు రావడం మొదలైంది, పగలు పోలీసు జీపులు రావడం మొదలైంది. ఊళ్లో రైతుకూలీ సంఘం లేచింది. దాన్ని నడిపేది జలపతి, కాలేజీ మధ్యలో మానేసి వచ్చిన కుర్రాడు, మాట కత్తిలా ఉంటుంది. హోటల్‌లో వాడవాళ్లకు వేరుగా పెట్టిన గ్లాసులను సంఘమే నడిరోడ్డు మీద పగలగొట్టింది. మంచి పనే చేసింది, కాదనేవాడికి కళ్లు పోతాయి. పరశురాములు కూడా మనసులో మెచ్చుకున్నాడు. వాడలో నీళ్లు తాగడానికి ఇక ఎవరి భయమూ లేదనుకున్నాడు. కానీ అప్పటికే అతనికి నీళ్లు తాగే యోగం పోయింది.

ఆ ఎండల్లోనే సామేలు కొత్తిల్లు కట్టుకున్నాడు. ఒక్క గది, పైన పెంకులు. ఫాదరును పిలిచి ప్రార్థన పెట్టించాడు. "నువ్వు రావాలె పరశన్నా" అని ఇంటికొచ్చి చెప్పిపోయాడు. పరశురాములు ఆ మనిషి కోసమని ఎర్రంచు దుప్పటి ఒకటి నేశాడు. ఊపిరి అందక నడుమ నడుమ ఆగుతూ వారం పట్టింది దానికి. ప్రార్థన నాడు తీసుకుపోయి సామేలు భుజాల మీద కప్పాడు. సామేలు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అందరూ చూస్తుండగా లక్ష్మవ్వ కొత్త స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చింది. "బావా, కొత్తిల్లు. గియ్యాలన్న తాగు."

పొద్దున్నించి కాళ్లు బరువుగా ఉన్నాయి. రెండు రోజులుగా పడక లేదు. పరశురాములు గ్లాసు వంక చూసి నీళ్లు నమిలాడు. "వద్దు లచ్చవ్వా. డాక్టరు నీళ్లు తాగొద్దన్నడు" అన్నాడు.

పందిట్లో ఎవరో ఫక్కున నవ్వారు. నీళ్లు తాగొద్దని చెప్పే డాక్టరు ఎక్కడైనా ఉంటాడా, అదీ ఇంత ఎండలో? ఇన్నేళ్లు దూప లేదన్నాడు, ఇప్పుడు డాక్టరంటున్నాడు, అంతే తేడా అనుకున్నారు.

సామేలు భుజాల మీది దుప్పటి తీసి మడత పెట్టాడు.

"భీవండిల నా ఎంగిలి బీడి తాగినవన్నా. నా శేతుల నీళ్లు తాగి బతికినవు. ఈడికి రాంగనే దూప సచ్చింది. పదేండ్లసంది ఒక్క మాట అనలే నేను. నా ఇంట్ల, నా పండుగ నాడు గూడ గిదే మాటనా? నీ దుప్పటి నాకొద్దు, తీస్కపో."

పరశురాముల తల కొట్టేసినట్టయింది. దుప్పటి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. జలపతి పందిట్లోనే ఉన్నాడు.

మర్నాడు పొద్దెక్కేసరికి సంఘం పిలుపు వచ్చింది. రత్నమాల చెంబు కొలిచి పెట్టి బోరింగుకు పోయింది. అతడు చెంబు ముట్టలేదు. వచ్చాక తాగుదాంలే, సాయంత్రం దాకా వస్తుందని గూట్లోనే ఉంచి బయల్దేరాడు. మాలవాడ నడుమ వేపచెట్టు కింద జనం మూగి ఉన్నారు.

"పరశన్నా, నిన్ను కొట్టం, తిట్టం" అన్నాడు జలపతి. "నువ్వు గరీబోనివే. కని గీ వాడల బట్టలమ్ముకొని బతుకుతవు, గీ వాడ నీళ్లు ముట్టవు. గిదేం న్యాయం?"

"నాకు గుండెబీమారి ఉన్నది తమ్మీ. నిజంగ చెప్తున్న. రోజుకు చెంబెడే తాగాలె."

"ఎన్నడన్న చెప్పినవా? గిదేనా బీమారోని ఒళ్లు?" వెనక నుంచి ఎవరో అరిచారు. "దున్నపోతు లెక్కున్నడు!"

డాక్టరు చీటీ చూపిద్దామంటే అందులో మాత్రల పేర్లే గానీ నీళ్ల మాట లేదు, అది నోటితో చెప్పిన మాట. రత్నమాలను పిలవండి అందామనుకున్నాడు. పెండ్లాం ఏం చెబుతుంది, మొగుడి మాటే చెబుతుందంటారు. సామేలు వంక చూశాడు. సామేలు నేల చూస్తున్నాడు. నేనెన్నడూ కులం చూడలేదు అని ఒక్క మాట గట్టిగా అనగలిగితే నమ్మేవాళ్లేమో. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అతని బతుకులో ఆడిన అబద్ధం దూప లేదన్నదొక్కటే, అది ఈ వాడలోనే ఆడాడు.

"ఇంటికో గిలాస తాగు. అయిపాయె" అన్నాడు జలపతి. "లేదంటవా, గీ వాడల నీ బట్ట ఎవ్వలు కొనరు."

మొదటి గ్లాసు మల్లవ్వ అనే ముసలామె ఇచ్చింది. కొత్తకుండలో నీళ్లు. గ్లాసు బయట చెమ్మ పట్టి ఉంది. అంచు పెదవికి తగలగానే పరశురాముల ఒళ్లంతా ఝల్లుమంది. గుక్కెడు తాగి ఇచ్చేద్దామనుకున్నాడు. అబ్బే, ఎక్కడి ఇవ్వడం! గటగటా ఖాళీ చేశాడు. ఎన్ని నెలలయింది నోటినిండా నీళ్లు పోసుకుని! జనం ఈలలేశారు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. ఒక ఇంట్లో ఉప్పేసిన మజ్జిగ ఇచ్చారు. నాలుక మీద ఉప్పు తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది, ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు. తాగుతూ తాగుతూ ఏడ్చాడు. దప్పిక తీరి ఏడ్చినా చూసేవాళ్లకు పశ్చాత్తాపం లాగే కనిపిస్తుంది. "సూసిండ్రా, మనిషి మారిండు!" అన్నాడు జలపతి, దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

సగం వాడ తిరిగేసరికి ఛాతీలో ఏదో బరువు దిగింది. దగ్గు మొదలైంది. జలపతి చెయ్యి పట్టుకుని "సాలు అన్నా, అయిపోయింది. ఇంటికి పో" అన్నాడు.

పరశురాములు చెయ్యి విడిపించుకున్నాడు. "సామేలు ఇల్లున్నది గద" అన్నాడు.

నిలబడి నిలబడి నడిచాడు. కొత్తింటి గడప దగ్గర కూలబడ్డాడు. లక్ష్మవ్వ అదే స్టీలు గ్లాసు తెచ్చింది, ఇవ్వబోతూ అతని కాళ్లు చూసింది. చెప్పుల వార్లు మాంసంలోకి దిగిపోయి ఉన్నాయి. వంగి బొటనవేలితో పాదం మీద నొక్కింది. మెత్తటి పిండిలో నొక్కినట్టు గుంట పడింది, పడిన గుంట లేవలేదు. ఆమె తండ్రి కూడా అలాగే కాళ్లు వాచి చనిపోయాడు.

"ఓ దేవుడా! ఏమయ్యో, ఇటు రా! గీయన కాళ్లు సూడు, గీయన చెప్పింది నిజమే!" గ్లాసు వెనక్కి లాక్కుంది. "వద్దు బావా, తాగకు, నీ కాల్మొక్కుత తాగకు!"

సామేలు వచ్చి పాదాల వంక చూసి అక్కడే నిలబడిపోయాడు. పరశురాములు చెయ్యి చాపాడు. "తే లచ్చవ్వా. నిన్న తాగకపోతిని" అన్నాడు. ఆమె చేతిలోంచి గ్లాసు గుంజుకుని చుక్క మిగలకుండా తాగి, గడప మీద బోర్లించాడు.

సామేలు అతణ్ని వీపు మీద మోసుకుని సాలోళ్ల గల్లీ దాకా వచ్చాడు. భీవండిలో బేళ్లు మోసిన వీపు, ఎండలో చెప్పులు కూడా లేకుండా పరుగు. రత్నమాల చూసి నెత్తీ నోరూ కొట్టుకుంది. "మీ సంగం మీద మన్నువొయ్య! ఎంత తాపినర్రా? నేను గిన్ని రోజులు చుక్క చుక్క కొలిచి బతికిచ్చుకుంటి గదరా!"

సిరిసిల్ల దవాఖానాకు తీసుకుపోవాలి. మధ్యాహ్నం బస్సు ఆ రోజు రాలేదు, మళ్లీ పొద్దున దాకా ఇంకో బస్సు లేదు. మంచం మీద వేసుకుని మోసుకుపోదామన్నాడు సామేలు. వెనకే వచ్చిన జలపతి అడ్డం చెప్పాడు. "మంచం మోస్కుంట పోతే తోవల పోలీసోళ్లు ఆపుతరు. దెబ్బ తాకిన అన్నను తీస్కపోతున్నరు అంటరు. మొన్న కాన్పు మనిషిని తీస్కపోతుంటేనే తెల్లారేదాక ఠాణల కూసోవెట్టిండ్రు." రెండు గల్లీల అవతల ట్రాక్టరు ఉన్న ఆసామి ఉన్నాడు, అడిగొస్తానని జలపతి పరుగెత్తాడు. ఆ ఆసామికీ సంఘానికీ పడదు. వస్తాడని ఎవరికీ నమ్మకం లేదు.

పరశురాములు మగ్గం గుంజకు ఆనుకుని కూచున్నాడు. ఛాతీలో గురగుర చప్పుడు. పెదవుల చివర నురగ. ప్రతి ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి. దప్పిక మాత్రం లేదు. అది ఇంతకాలానికి పోయింది.

అతణ్ని గడపలో దించాక సామేలు లోపలికి రాలేదు. గడప బయట చూరు కింద నిలబడి ఎగపోస్తున్నాడు. చెమటంతా ఆరిపోయి పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. నాలుకతో తడుపుకుంటున్నాడు, తడి అందడం లేదు. రత్నమాల అతణ్ని కాసేపు చూసింది. తిట్టి తిట్టి అలిసిపోయింది కూడా. గూట్లోంచి రాగిచెంబు తీసి తడిబట్ట పక్కన పెట్టింది. చెంబు నిండుగా ఉంది.

"ఇగో, పొద్దుగాల ఆయినకు కొలిచి పోసినయి. ముట్టనన్న ముట్టలే. నీ ఇంట్ల ఆయిన తాగిండు గద. ఎండల ఉరికచ్చినవు, తాగు."

గడప దగ్గరికి పోయింది. చెంబు చేతికివ్వలేదు. రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుని, వంచడానికి సిద్ధంగా నిలబడింది, కిందినుంచి అతను దోసిలి పడతాడని. ఆమెకు ఏ దురుద్దేశమూ లేదు. ఆ గడపలో వాడవాళ్లకు నీళ్లు ఎప్పుడూ అలాగే పోసేవాళ్లు, చెయ్యి తనంతట తనే లేచింది.

సామేలు పైకి లేచిన చెంబు చూశాడు. దోసిలి పట్టలేదు.

"దూప లేదు వదినె" అన్నాడు.

గుంజకు ఆనుకున్న పరశురాములు ఆ మాట విన్నాడు. ఆ మాట ఎలా ఉంటుందో అతనికి తెలిసినంతగా ఊళ్లో ఎవరికీ తెలియదు. చెంబు చేతికియ్యవే అని రత్నమాలతో అనబోయాడు. నోరు తెరిచాడు, ఆ మాటకు సరిపోయే ఊపిరి లేదు. రత్నమాల చెంబు తెచ్చి మళ్లీ గూట్లో పెట్టి తడిబట్ట కప్పింది.

సామేలు చూరు కింద అలాగే ఎండిన పెదవులతో ట్రాక్టరు చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు.